చిన్న వ్యాపారం వెబ్‌సైట్‌కి సెక్యూరిటీ అంటే ముందు ఏం చేయాలి? "మీ సైట్‌లో లోపం ఉంది" అని మెయిల్ వచ్చింది

చెక్కఫ్రేము:

అందరికీ నమస్తే. ఫొటో ఫ్రేములు ఆర్డర్ మీద చేసిచ్చే చిన్న వ్యాపారం నాది. వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంది, ఆర్డర్లు దానికి షాప్ జోడించే వూకామర్స్‌లో పడతాయి, డబ్బు పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తుంది. సైట్ చేసిచ్చింది ఒక ఫ్రీలాన్స్ డెవలపర్, మనిషి మంచివాడే, కాకపోతే ఇప్పుడు ఉద్యోగంలో చేరిపోయాడు, మెసేజ్ పెడితే తీరిక దొరికినప్పుడు జవాబిస్తాడు.

నిన్న ఒక మెయిల్ వచ్చింది. పంపినాయన తాను సెక్యూరిటీ రీసెర్చర్‌నని, నా సైట్‌లో చాలా తీవ్రమైన లోపం కనిపెట్టానని, దానివల్ల నా పేరుతో ఎవరైనా మెయిల్స్ పంపొచ్చని రాసి, మిగతా వివరాలు చెబితే రివార్డ్ ఎంత ఇస్తారని అడిగాడు. కింద ఒక స్క్రీన్‌షాట్, అందులో డీమార్క్ అని ఎర్ర అక్షరాల్లో ఏదో ఉంది. మర్యాదగానే రాశాడు కానీ అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. దానికి తోడు హోస్టింగ్ ప్యానెల్‌లోకి వెళ్తే "మీ సైట్‌కి రక్షణ లేదు" అని పెద్ద బ్యానరు, దాని కింద నెలనెలా కట్టాల్సిన ఒక ప్యాకేజీ.

మెయిల్‌కి జవాబివ్వాలా? ప్యాకేజీ కొనాలా? టెక్నికల్‌గా నాకు తెలిసింది తక్కువ, అడ్మిన్‌లోకి వెళ్లి ప్రొడక్ట్స్ పెట్టడం, ధరలు మార్చడం వచ్చు, అంతవరకే. వారానికి ఒక గంట దీనికి ఇవ్వగలను. నెట్‌లో "ఈ 50 పనులు చేయండి" లాంటివి చాలా చదివాను, చదివేకొద్దీ ఏది ముందో ఏది వెనకో అర్థం కాకుండా పోతోంది. ఈ పనులు చేస్తూ తెలిసినవాళ్లు వరస చెప్పండి ప్లీజ్.

ఉత్తరాలడబ్బా:

ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం, మిగతావి వేరేవాళ్లు చెబుతారు. కంగారు పడకండి, ఆ మెయిల్ వచ్చినంత మాత్రాన మీ సైట్‌లోకి ఎవరో చొరబడ్డారని కాదు. డీమార్క్ అనేది మీ డొమైన్ (సైట్ పేరు) డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ పేరు వివరాలు అందరికీ చెప్పే జాబితాలో, ఉండే ఒక రికార్డు, అది ఉందో లేదో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు, ఉచిత టూల్‌లో డొమైన్ పేరు కొడితే క్షణంలో చెబుతుంది. కొందరు అలా వందల డొమైన్లు వెతికి, లేని ప్రతివాళ్లకీ ఇదే మెయిల్ కొడుతుంటారు. వీటికి బెగ్ బౌంటీ (అడుక్కునే బహుమతి) అని పేరు కూడా స్థిరపడిపోయింది. డబ్బు ఇవ్వక్కర్లేదు, జవాబూ ఇవ్వక్కర్లేదు, అటాచ్‌మెంట్ ఉంటే మాత్రం తెరవకండి.

అయితే అడిగిన తీరు బాగోలేదని విషయాన్ని పక్కన పడేయొద్దు, ఎందుకంటే ఆయన చెప్పిన లోపం నిజమే అయి ఉండొచ్చు. ఎస్‌పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు. డీకిమ్ అంటే మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం. ఈ రెండింట్లో ఒక్కటీ సరిపోలకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో అవతలి సర్వర్‌కి చెప్పేది డీమార్క్. ఇవి లేకపోతే మీ అడ్రసు నుంచే వచ్చినట్టు కనబడే మెయిల్ మీ కస్టమర్‌కి పంపడం చాలా తేలిక. "మా బ్యాంకు ఖాతా మారింది, మిగతా డబ్బు ఈ కొత్త ఖాతాకి పంపండి" అని మీ లోగోతో సహా వెళ్తుంది, కస్టమర్ పంపేస్తాడు, తర్వాత సరుకు రాలేదని మిమ్మల్ని అడుగుతాడు. అడ్వాన్స్ తీసుకుని పని చేసే మీలాంటివాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. మీ ఆర్డర్ మెయిల్స్ బహుశా హోస్టింగ్ సర్వర్ నుంచి వెళ్తుంటాయి, మీరు చేతితో రాసేవి వేరే మెయిల్ సర్వీసు నుంచి, ఆఫర్ల మెయిల్స్ పంపితే అవి ఇంకో చోట నుంచి. వీటన్నిటినీ ఎస్‌పీఎఫ్‌లో చేర్చకుండా డీమార్క్‌ని ఒకేసారి "రిజెక్ట్"లో (మెయిల్‌ని వెనక్కి కొట్టేయమని) పెడితే మీ సొంత ఆర్డర్ మెయిల్సే మాయమైపోతాయి. అందుకని మొదట "నన్"లో (ఏమీ ఆపొద్దని) పెట్టి, రిపోర్టులు మీకు వచ్చేలా ఒక మెయిల్ అడ్రసు ఇచ్చి, కొన్ని వారాలు చూసి, అన్నీ సరిగ్గా పాస్ అవుతున్నాయని నమ్మకం కుదిరాక "క్వారంటైన్" (స్పామ్‌లో పడేయమని), ఆ తర్వాత "రిజెక్ట్". ఇంకోటి, ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు చేర్చినప్పుడల్లా ఇంకో రికార్డు పెట్టేస్తుంటారు, రెండు ఉంటే రెండూ చెల్లవు, పాతదాంట్లోనే కొత్త సర్వర్‌ని చేర్చాలి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కూడా తమకి మెయిల్స్ పంపేవాళ్ల దగ్గర ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలంటున్నాయి, పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకైతే డీమార్క్ కూడా తప్పనిసరి చేశాయి. కాబట్టి ఇది చేస్తే మీ బిల్లులు స్పామ్‌లో పడటం కూడా తగ్గుతుంది.

నిజంగా లోపం కనిపెట్టినవాళ్లు ఎలా రాస్తారో కూడా తెలిసి ఉండటం మంచిది. ఏ పేజీలో, ఏం చేస్తే, ఏం కనబడిందో మొదటి మెయిల్‌లోనే చెబుతారు. "మీ ఆర్డర్ లింకులో చివరి నంబరు మారిస్తే వేరేవాళ్ల అడ్రసు కనిపిస్తోంది" అని ఎవరైనా రాస్తే మాత్రం చేతిలో ఉన్న పని ఆపి చూడండి, వాళ్లకి థాంక్స్ చెప్పండి.

రాత్రిషిఫ్ట్:

పైన చెప్పిన డీమార్క్ పని మంచిదే, కానీ మీ మొదటి గంట దానికి కూడా వద్దు. మొదటి గంట మీ మెయిల్ ఖాతా మీద పెట్టండి.

ఎందుకంటే డొమైన్ ఖాతా, హోస్టింగ్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్, పేమెంట్ గేట్‌వే, వీటన్నిటికీ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే లింకు వచ్చేది ఆ మెయిల్‌కే. అది చేజిక్కితే మిగతావాటికి ఎంత గట్టి పాస్‌వర్డ్ ఉన్నా ఒకటే. ఆ మెయిల్‌కి ఇంకెక్కడా వాడని పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి. ఫోన్‌కి వచ్చే ఎస్సెమ్మెస్ కోడ్ కంటే ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మేలు, ఎందుకంటే మీ నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసుకునే మోసాలు ఉన్నాయి. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కి బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకునే వీలుంటే అది ఇంకా మంచిది, దొంగ లాగిన్ పేజీలో అది పనిచేయదు. రికవరీ కోడ్లు ఇస్తారు, వాటిని కాగితం మీద ప్రింట్ తీసి దాచండి. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు.

తర్వాత డొమైన్. ఇది చాలామంది అస్సలు చూడరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కూడా ఇదే. సైట్ పాడైతే మళ్లీ కట్టుకోవచ్చు, డొమైన్ పోతే పేరే పోతుంది, దానితో పాటు మెయిల్ కూడా. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే సంస్థ) దగ్గర ఖాతా మీ మెయిల్‌తో ఉందా, డెవలపర్ మెయిల్‌తో ఉందా చూడండి. ఆయన ఖాతాలో ఉంటే, ఇల్లు మీరు కట్టుకుని పత్రాలు మేస్త్రీ పేరు మీద పెట్టినట్టే, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఆయన కార్డు గడువు అయిపోతే మీ డొమైన్ రెన్యూ కాదు, రిమైండర్లు ఆయనకే వెళ్తాయి, సైట్ ఆగిపోయాక గానీ మీకు తెలియదు. మీ ఖాతాలోకి తెచ్చుకుని, ఆటో రెన్యూ, ట్రాన్స్‌ఫర్ లాక్ (వేరే రిజిస్ట్రార్‌కి మారకుండా తాళం), టూ ఫ్యాక్టర్, మూడూ ఆన్ చేయండి. "మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే కట్టండి" అని దొంగ బిల్లులు కూడా వస్తుంటాయి, మెయిల్‌లో లింకు నొక్కకుండా మీరే రిజిస్ట్రార్ సైట్‌లోకి వెళ్లి గడువు చూసుకోండి.

ఆ తర్వాతే వర్డ్‌ప్రెస్. అడ్మిన్‌లో యూజర్స్ పేజీ తెరిచి అడ్మినిస్ట్రేటర్లు ఎవరెవరో చూడండి. ఆర్డర్లు చూసుకునేవాళ్లకి అడ్మిన్ అక్కర్లేదు, వూకామర్స్‌లో షాప్ మేనేజర్ అనే రోల్ ఉంది, అది చాలు. ఒకే లాగిన్‌ని ముగ్గురు పంచుకోవద్దు, ఎవరికి వాళ్లకి వేరు ఖాతా ఇవ్వండి.

ఇక ప్లగిన్లు, అంటే వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు. వర్డ్‌ప్రెస్ సైట్లలో దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే, అసలు వర్డ్‌ప్రెస్‌లో తక్కువ. 2024 ఆగస్టులో లైట్‌స్పీడ్ క్యాష్ అనే ప్లగిన్‌లో లాగిన్ కాని మనిషి అడ్మిన్ స్థాయికి ఎక్కేసే లోపం బయటపడింది, అది 50 లక్షలకి పైగా సైట్లలో ఉన్న ప్లగిన్. 6.4 వెర్షన్‌లో సరిచేశారు. అదే ఏడాది నవంబరులో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ వంతు వచ్చింది, పేరులోనే సెక్యూరిటీ ఉంది, 40 లక్షలకి పైగా సైట్లు వాడుతున్నాయి, అందులో టూ ఫ్యాక్టర్ ఆన్ చేసుకున్న సైట్లలోనే లాగిన్ దాటిపోయే దారి ఉందని తేలింది. ఎంత ప్రమాదమంటే సైట్ ఓనర్లు నొక్కకుండానే అప్‌డేట్ వెళ్లేలా వర్డ్‌ప్రెస్ వాళ్లు బలవంతంగా పంపారు. నేను చెప్పేదేంటంటే, ఏ ప్లగిన్‌లోనైనా లోపం రావచ్చు, మంచి ప్లగిన్ ఎంచుకున్నాం కదా అని ఊరుకోకూడదు, సరిచేసిన వెర్షన్ మీ సైట్‌కి ఎంత త్వరగా చేరుతుందన్నదే ముఖ్యం. లోపం వివరాలు బయటకి వచ్చాక బాట్‌లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) సైట్ తర్వాత సైట్ తడుముతూ పోతాయి, మీది చిన్నదా పెద్దదా అని చూడవు. కాబట్టి ప్లగిన్లకి ఆటో అప్‌డేట్ ఆన్ చేయండి. వూకామర్స్, పేమెంట్ ప్లగిన్ రెండూ మాత్రం మీరు దగ్గరుండి అప్‌డేట్ చేసి, ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూసుకోవడం మేలు. దానికి నెలలు తీసుకోకండి, ఆ వారం గంటలోనే అయిపోవాలి.

వాడనివి తీసేయండి. డీయాక్టివేట్ చేస్తే చాలదు, ఫైళ్లు సర్వర్ మీదే ఉంటాయి, డిలీట్ చేయాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ రాని ప్లగిన్ ఉంటే దానికి బదులు వేరేది చూడండి. డిస్‌ప్లే విడ్జెట్స్ అని ఒక పాత ప్లగిన్ ఉండేది, దాదాపు 2 లక్షల సైట్లలో. రాసినవాళ్లు దాన్ని అమ్మేశారు, కొన్నవాళ్లు అప్‌డేట్‌లోనే దొడ్డిదారి (దొంగగా లోపలికి రానిచ్చే కోడ్) పెట్టి స్పామ్ పేజీలు చూపించారు, 2017లో దాన్ని వర్డ్‌ప్రెస్ డైరెక్టరీ నుంచి తీసేశారు. అందుకే ప్లగిన్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది అంటాను. డబ్బు కట్టాల్సిన థీమ్‌ని (సైట్ రూపాన్ని) ఎక్కడో ఉచితంగా దించుకుని వాడటం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అలా పంచేవాటిలో చాలాసార్లు ఈ దొడ్డిదారి ముందే పెట్టి ఉంటుంది.

సూటిగా:

ఇంత కష్టం ఎందుకండీ, లాగిన్ పేజీ అడ్రసు మార్చేయండి, పాస్‌వర్డ్ నెలనెలా మార్చండి, సగం గొడవ పోతుంది. నేనైతే చిన్న వ్యాపారులకి వర్డ్‌ప్రెస్సే వద్దంటాను, రెడీమేడ్ షాప్ ప్లాట్‌ఫామ్ తీసుకుంటే సర్వరు, అప్‌డేట్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు.

రాత్రిషిఫ్ట్:

@సూటిగా, రెండో మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. చూసుకునే మనిషి లేని వర్డ్‌ప్రెస్ కంటే నెలకి ఇంత అని కట్టే ప్లాట్‌ఫామ్ నయం. కానీ అక్కడికి వెళ్లినా మెయిల్, డొమైన్, ఎవరికి ఏ లాగిన్ ఇచ్చాం అనేవి అలాగే ఉంటాయి. అక్కడ దొంగలు సర్వర్ జోలికి పోరు, మీ పాస్‌వర్డ్ కోసం దొంగ లాగిన్ పేజీ పంపుతారు.

మొదటి మాట మాత్రం ఒప్పుకోను. లాగిన్ అడ్రసు మారిస్తే లాగ్స్‌లో (సర్వర్ రాసుకునే నమోదుల్లో) రద్దీ తగ్గుతుంది, పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. కానీ నేను పైన చెప్పిన ప్లగిన్ లోపాలు లాగిన్ పేజీ గుండా వచ్చేవి కావు. నెలనెలా మార్చమనే సలహా పాతబడిపోయింది, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ పద్ధతి వద్దంది. బలవంతంగా మార్పించినప్పుడు జనం చివర అంకె ఒక్కటే పెంచుకుంటూ పోతారు, అది ఎవరైనా ఊహిస్తారు. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, ఒక చోట వాడింది ఇంకో చోట వాడకూడదు, లీకైందని తెలిసిన రోజు మార్చాలి. లీకైన వాటిలో మీ మెయిల్ ఉందేమో హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి.

జల్లెడ:

నా పని హ్యాక్ అయిన సైట్లు శుభ్రం చేయడం. బ్యాకప్ గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు, నాకైతే అదే గుండెకాయ. కానీ దానికి ముందు, హ్యాక్ అయిన సైట్ ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది సైట్ నల్లగా మారిపోయి పుర్రె బొమ్మ వస్తుందనుకుంటారు.

ఓనరు తన కంప్యూటర్‌లో తెరిస్తే సైట్ శుభ్రంగా ఉంటుంది. కస్టమర్లు మాత్రం "మీ సైట్ తెరిస్తే జూదం సైట్‌కి పోతోంది" అంటారు. ఓనరు మళ్లీ చూస్తాడు, ఏమీ లేదు, వాళ్ల ఫోన్‌లోనే ఏదో ఉందనుకుంటాడు. లోపల ఉన్న కోడ్ చూసేవి ఇవి: వచ్చిన మనిషి ఫోన్‌లో ఉన్నాడా, గూగుల్ సెర్చ్ నుంచి వచ్చాడా, అడ్మిన్‌గా లాగిన్ అయి లేడు కదా, ఇంతకు ముందు ఒకసారి మళ్లించామా. అన్నీ కుదిరితేనే మళ్లిస్తుంది, అదీ ఒక్కసారే. ఓనరుకి కనబడకుండా ఉండాలనే అలా రాస్తారు. కాబట్టి నెలకోసారి మీ ఫోన్‌లో వైఫై తీసేసి, ఇన్‌కాగ్నిటో తెరిచి, అడ్రసు కొట్టకుండా గూగుల్‌లో మీ వ్యాపారం పేరు వెతికి, ఆ ఫలితం మీద నొక్కి సైట్‌లోకి వెళ్లండి. ఇంకోటి, గూగుల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా మీ డొమైన్ రాసి వెతకండి, గూగుల్ దగ్గరున్న మీ పేజీలు వస్తాయి. ఫ్రేముల సైట్‌లో జపనీస్ అక్షరాల్లో బ్రాండెడ్ బ్యాగుల పేజీలు గానీ, మందుల పేర్లు గానీ కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం, అందులో మీ సైట్ చేర్చుకుంటే ఇలాంటివి గూగుల్ గమనించినప్పుడు మెయిల్ పంపుతుంది. ఇది ఇవాళే చేయొచ్చు.

ఫైళ్లలోకి వెళ్తే, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో సంవత్సరం, నెల పేరుతో ఉన్న ఫోల్డర్లలో ఫొటోలు ఉంటాయి కదా, ఆ జేపెగ్‌ల మధ్య ఒక పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే కోడ్) కూర్చుని ఉంటుంది. పేరు చూస్తే వర్డ్‌ప్రెస్‌దే అనిపిస్తుంది, తెరిస్తే అర్థం కాని అక్షరాలతో ఒకే ఒక్క పొడుగాటి లైను. ఫొటోలు ఉండాల్సిన చోట దానికి పనేమీ లేదు. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపేయమని హోస్టింగ్ సపోర్ట్‌ని అడగండి, వాళ్లకి చిన్న పని, మీకు చాలా ఉపయోగం. ఆ ఒక్క ఫైల్ తీసేసి హమ్మయ్య అనుకుంటే రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఇంకో మూల ఒక క్రాన్ జాబ్ (వేళకి దానంతట అదే నడిచే పని), యూజర్స్ జాబితాలో కనబడకుండా దాచిన ఒక అడ్మిన్, థీమ్ ఫైల్ చివర నాలుగు లైన్లు మిగిలి ఉంటాయి. అందుకే శుభ్రం చేయడం కంటే, హ్యాక్‌కి ముందు నాటి బ్యాకప్‌కి వెనక్కి వెళ్లి, ఆ లోపమున్న ప్లగిన్‌ని వెంటనే అప్‌డేట్ చేసి, పాస్‌వర్డ్లన్నీ మార్చి, కాన్ఫిగ్ ఫైల్‌లోని (సైట్ సెట్టింగులుండే ఫైల్) సాల్ట్‌లు, అంటే లాగిన్‌లని కాపాడే రహస్య అక్షరాలు, కూడా మార్చడం నాకు నమ్మకమైన దారి. సాల్ట్‌లు మారిస్తే లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ బయటకి వచ్చేస్తారు, లోపల కూర్చున్న దొంగతో సహా. బ్యాకప్ నాటికి, ఇవాళ్టికి మధ్య వచ్చిన ఆర్డర్లు ముందే బయటకి తీసి పెట్టుకోవడం మర్చిపోవద్దు.

ఇక్కడే బ్యాకప్ కథ మొదలవుతుంది. "బ్యాకప్ ఉందండీ" అంటారు, చూస్తే అదే హోస్టింగ్‌లో, అదే ఖాతాలో ఉంటుంది, సైట్‌తో పాటు అదీ పోతుంది. లేదా గత 7 రోజులవే ఉంటాయి, హ్యాక్ అయి నెల దాటి ఉంటుంది, అంటే ఉన్న 7 కాపీల్లోనూ అదే చెత్త. రోజువారీవి కొన్ని, నెలకి ఒకటి చొప్పున పాతవి కొన్ని, కనీసం ఒక కాపీ హోస్టింగ్‌తో సంబంధం లేని చోట ఉండాలి. ఫైళ్లు మాత్రమే దించుకుంటే ఆర్డర్లు రావు, ఆర్డర్లు ఉండేది డేటాబేస్‌లో, రెండూ కావాలి. ఒకసారైనా ఆ బ్యాకప్‌ని టెస్ట్ సైట్‌లోకి ఎక్కించి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

ఆ ప్యాకేజీ గురించి అడిగారు. కొనే ముందు వాళ్లని రెండే అడగండి: హ్యాక్ అయితే మీరే శుభ్రం చేస్తారా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా? బ్యాకప్ వేరే సర్వర్లో ఉంచుతారా, ఎన్ని రోజులవి? ఈ రెండింటికీ సూటిగా జవాబొస్తే ఆలోచించవచ్చు. ప్యాకేజీలో గొప్పగా చెప్పేది ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఒక్కటే అయితే వద్దు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగ్‌లలో ఒక బటన్‌తో వస్తుంది, దానంతట అదే రెన్యూ అవుతుంది. అది తప్పకుండా ఉండాలి, లేకపోతే 2018 జులై నుంచి క్రోమ్ మీ సైట్ పక్కన సురక్షితం కాదని చూపిస్తోంది. కానీ అది చేసేది కస్టమర్‌కీ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ చదవకుండా చూడటం, అంతే. హ్యాక్ అయిన సైట్‌కి కూడా ఎస్ఎస్ఎల్ నిక్షేపంలా పనిచేస్తుంది. తాళం బొమ్మ చూసి జనం సైట్ మంచిదనుకుంటున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది.

చెక్కఫ్రేము:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మెయిల్‌కి, గేట్‌వేకి టూ ఫ్యాక్టర్ పెట్టేశాను, సెర్చ్ కన్సోల్‌లో చేర్చాను, ఫోన్‌లో మీరు చెప్పినట్టు చూస్తే సైట్ బాగానే తెరుచుకుంది. డొమైన్ మాత్రం డెవలపర్ ఖాతాలోనే ఉంది. అడ్మిన్లు నలుగురున్నారు, అందులో ఒకటి డెవలపర్‌ది, ఒకటి "డెమో". ప్లగిన్లలో డీయాక్టివేట్ అయినవి చాలా ఉన్నాయి. బ్యాకప్ జిప్ ఒకటి సైట్ ఫోల్డర్‌లోనే కనిపించింది, అది అక్కడ ఉండొచ్చా? కార్డు వివరాలు నా సైట్‌లో సేవ్ అవుతున్నాయా అనేది ఎలా తెలుస్తుంది? డెవలపర్‌ని నొప్పించకుండా డొమైన్ ఎలా అడగాలి?

జల్లెడ:

ఆ జిప్ ముందు మీ కంప్యూటర్‌లోకి దించుకుని అక్కణ్నుంచి తీసేయండి, ఇవాళే. సైట్ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని లింకు తెలిస్తే ఎవరైనా దించుకోవచ్చు, బాట్‌లు బ్యాకప్, సైట్, డొమైన్ పేరు, ఇలాంటి పేర్లన్నీ వరసగా కొట్టి చూస్తుంటాయి. అందులో డేటాబేస్ ఉంటే కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి, కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా. ఆ పాస్‌వర్డ్ మార్పించండి, హోస్టింగ్ సపోర్ట్ సాయం చేస్తుంది.

కార్డుల సంగతి: సైట్‌లో ఒక ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టే దగ్గర అడ్రసు బార్ చూడండి. గేట్‌వే వాళ్ల పేజీకి వెళ్లి అక్కడ కార్డు నంబరు అడిగితే ఆ నంబరు మీ సర్వర్‌కి రాదు, మీకు అన్నిటికంటే నిశ్చింత అది. మీ పేజీలోనే అడిగితే చాలాసార్లు ఆ చిన్న గడి గేట్‌వే వాళ్లదే, అయినా చుట్టూ ఉన్న పేజీ మీది కాబట్టి అక్కడ చేరే ప్రతి స్క్రిప్టుకీ (పేజీలో నడిచే చిన్న కోడ్‌కీ) మీరే బాధ్యులు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లో కార్డులు దోచుకున్న కోడ్ 22 లైన్ల జావాస్క్రిప్ట్, ఉన్న స్క్రిప్టు ఫైల్‌కి తోక తగిలించినట్టు పెట్టారు. అంత పెద్ద సంస్థలోనే వెంటనే ఎవరూ గమనించలేదు. అందుకే చెకౌట్ పేజీలో చాట్ బొమ్మలు, పాప్‌అప్‌లు, ట్రాకింగ్ కోడ్లు ఎంత వీలైతే అంత తీసేయమంటాను. పాత ఆర్డర్లలో పన్ను లెక్కలకి అవసరం లేని కస్టమర్ వివరాలు కూడా తీసేయండి. మీ దగ్గర లేనిది ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఉత్తరాలడబ్బా:

ఇంకోటి చేర్చనివ్వండి, గేట్‌వే ఖాతాలో డబ్బు జమ అయ్యే బ్యాంకు ఖాతా మారితే మీకు అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి. లోపలికి దూరినవాళ్లు దాన్ని మార్చేసే ప్రమాదం ఉంది.

రాత్రిషిఫ్ట్:

డెవలపర్‌ని అడగడంలో నొప్పించేదేమీ లేదు, ఆయనకి కూడా ఒక బరువు దిగుతుంది. "రెన్యువల్ గొడవ ఇకమీదట నీకెందుకు, నా ఖాతాలోకి మార్చేద్దాం, నేను అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరిచాను" అని మీ యూజర్ వివరం పంపండి. అదే రిజిస్ట్రార్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నెట్టడం చాలా చోట్ల కొద్ది నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే ఆథరైజేషన్ కోడ్ కావాలి, పైగా ఓనర్ వివరాలు మార్చిన వెంటనే కొన్నాళ్లు లాక్ పడే అవకాశం ఉంది, కాబట్టి ఆ ఆలోచన తర్వాతకి ఉంచండి. మార్చే ముందు ఇప్పుడున్న డీఎన్‌ఎస్ రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మెయిల్ రికార్డులు ముఖ్యంగా, ఒకటి జారిపోయినా ఆర్డర్ మెయిల్స్ ఆగిపోతాయి. హోస్టింగ్ ఖాతా కూడా ఆయన మెయిల్ మీదే ఉంటే అదే సందేశంలో అడిగేయండి.

డొమైన్ మీ చేతికి వచ్చాకే ఆయన అడ్మిన్ లాగిన్ సంగతి చూడండి. వెంటనే డిలీట్ నొక్కొద్దు, పూర్తి బ్యాకప్ తీసుకుని, ముందు ఆయన రోల్‌ని సబ్‌స్క్రైబర్‌కి (దాదాపు ఏ అధికారం లేని స్థాయికి) దించి, ఒక వారం చూసి, ఏదీ ఆగలేదని తేలాక తీసేయండి. తీసేటప్పుడు వర్డ్‌ప్రెస్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ యూజర్ పెట్టినవన్నీ తీసేయాలా, వేరే యూజర్‌కి అప్పగించాలా అని. సైట్ చేసినప్పుడు మీ పేజీలు ఆయన లాగిన్‌తోనే పెట్టి ఉంటాడు కాబట్టి రెండోదే ఎంచుకుని మీ పేరు పెట్టండి, మొదటిది నొక్కితే అవన్నీ ఆయన లాగిన్‌తో పాటే పోతాయి. "డెమో" ఖాతాకీ ఇదే పద్ధతి, అది ఎవరు వాడుతున్నారో మాత్రం డెవలపర్‌ని అడిగి తెలుసుకున్నాకే.